కిందికి దించిన జెడ్4కు ట్రాక్ టైర్లు: నాలుగు చక్రాలకూ 255/35 ఆర్18 వేయవచ్చా?

వశిష్ఠ_తీరం (పాలకొల్లు)

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు పక్కన పల్లె. నా దగ్గరున్నది 2011 నాటి బీఎండబ్ల్యూ జెడ్4 ఎస్‌డ్రైవ్35ఐ, ఈ89 తరం, పైకప్పు మడతపడే రెండు సీట్ల బండి. నాకన్నా ముందు వాడినవారే కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, డ్యాంపర్ జతలు) వేయించి, నాలుగు వైపులా సుమారు 30 మి.మీ. దించారు. ప్రస్తుతం ముందు 8 అంగుళాల వెడల్పు రిమ్ముల మీద 225/40 ఆర్18, వెనక 8.5 అంగుళాల రిమ్ముల మీద 255/35 ఆర్18 ఉన్నాయి. సైజులు కంపెనీవి, నాలుగూ రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే) టైర్లే.

జనవరిలో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ట్రాక్ డేకు (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుకు) వెళ్లాలని అనుకుంటున్నాను. పోయినసారి అక్కడ నడిపినప్పుడు, మలుపులోకి స్టీరింగ్ ఎంత తిప్పినా బండి ముందు భాగం బయటి వైపుకే జారిపోవడం, బండి దిగి చూస్తే ముందు టైర్ల బయటి అంచులు గరుకుగా చిట్లి, లోపలి అంచులు కొత్తవాటిలా ఉండడం గమనించాను. వెనక టైర్లకు ఆ ఇబ్బంది లేదు. అందుకని ట్రాక్ కోసం విడిగా నాలుగు రిమ్ములు, నాలుగు టైర్లు కొనుక్కుందామని నిర్ణయించుకున్నాను.

సైజు దగ్గరే తేలడం లేదు. టైర్ల దుకాణంలో ముందు 245/40 ఆర్18 వేసి వెనక 255/35 అలాగే ఉంచమన్నారు. ఆ సైజు సులభంగా దొరుకుతుందని, వీల్ ఆర్చ్ నిండుగా కూడా కనిపిస్తుందని వారి మాట. నాకేమో నాలుగు చక్రాలకూ 255/35 వేస్తే ముందు, వెనక టైర్లు మార్చుకుంటూ వాడుకోవచ్చని ఉంది. ఒక మిత్రుడు 265/35 దాకా వెళ్లవచ్చంటున్నాడు. ఇంకొక సంగతి చెప్పాలి. ఇప్పుడున్న సైజుతోనే, పక్క సీట్లో మనిషి ఉండగా, మార్టేరు దాటి పెనుగొండ వైపు వెళ్లేటప్పుడు కల్వర్టు దిగే చోట ముందు ఎడమ చక్రం, మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కు రాసుకున్న చప్పుడు ఒకటి రెండుసార్లు విన్నాను. లైనర్ మీద వేలి వెడల్పున నునుపు గీత కూడా పడింది. ఈ స్థితిలో ఏ సైజు సరిపోతుందో లెక్కతో సహా చెప్పగలిగినవారు చెప్పండి.

ఉండి_కాలువ (భీమవరం)

మీరు చివర్లో చెప్పిన ఆ నునుపు గీతే ఈ ప్రశ్నకు సగం జవాబండి. దించిన బండికి వెడల్పు కన్నా ముందు ఎత్తు, అంటే టైరు మొత్తం వ్యాసం, హద్దు గీస్తుంది. వెడల్పు ఎక్కువై ఎక్కడైనా తగులుతుంటే ఆఫ్‌సెట్ (రిమ్ము హబ్‌కు ఆనే చోటు రిమ్ము మధ్య గీతకు ఎంత దూరమో చెప్పే కొలత) మార్చి, స్పేసర్ (హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) పెట్టి, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) పెంచి చక్రాన్ని అటో ఇటో జరపవచ్చు. వ్యాసం ఎక్కువై పైన తగిలితే మాత్రం బండిని మళ్లీ లేపడం తప్ప దారి లేదు.

లెక్క మీరే వేసుకోవచ్చు. టైరు వెడల్పులో రెండో అంకె ఎంత శాతమో అంత సైడ్‌వాల్ ఎత్తు. దాన్ని రెండింతలు చేసి, 18 అంగుళాల రిమ్ము వ్యాసమైన 457.2 మి.మీ.కు కలపాలి. ఇప్పుడు ముందున్న 225/40 వ్యాసం 637.2 మి.మీ., వెనకున్న 255/35 వ్యాసం 635.7 మి.మీ. వెడల్పులో అంత తేడా ఉన్నా ఎత్తులో తేడా మిల్లీమీటరున్నర మాత్రమే. కంపెనీవారు కావాలనే అలా కుదిర్చారు. దుకాణంవారు చెప్పిన 245/40 అయితే 653.2 అవుతుంది. అంటే ఇప్పటికంటే 16 మి.మీ. పెద్దది, టైరు పైభాగం లైనర్‌కు మరో 8 మి.మీ. దగ్గరవుతుంది. ఇప్పటికే రాసుకుంటున్న చోట ఇంకో 8 మి.మీ. ఎక్కడి నుంచి తెస్తామండి?

అది ఒక్కటే కాదు. ముందు 653, వెనక 635 అయితే రెండింటి మధ్య దాదాపు మూడు శాతం తేడా వస్తుంది. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది), డీఎస్‌సీ (బండి జారకుండా అదుపు చేసేది) రెండూ నాలుగు చక్రాల వేగాలను ఒకదానితో ఒకటి పోల్చుకునే పనిచేస్తాయి. నేరుగా వెళ్తున్నప్పుడు కూడా వెనక చక్రాలు ముందువాటికంటే వేగంగా తిరుగుతున్నట్టు కనిపిస్తే, ఆ వ్యవస్థ వెనక చక్రాలు జారుతున్నాయని భావించి, మీరు యాక్సిలరేటర్ తొక్కే సరిగ్గా ఆ క్షణంలో ఇంజిన్ శక్తిని తగ్గించేయవచ్చు. కంపెనీ పెట్టిన నిష్పత్తికి ఒక శాతం లోపలే ఉండడం క్షేమం. నాలుగూ 255/35 అయితే ఆ గొడవే ఉండదు, ముందు చక్రం ఎత్తు మిల్లీమీటరున్నర తగ్గుతుంది కూడా.

245/35 ఆర్18 కూడా ఆలోచించవచ్చు. దాని వ్యాసం 628.7. బండి మరో 4 మి.మీ. కిందికి దిగుతుంది, గేర్లు ఒక శాతానికి పైగా పొట్టిపడినట్టవుతాయి. ట్రాక్‌లో అది నష్టం కాదు కానీ, అదే టైర్లతో ఇంటి నుంచి బయలుదేరితే మన కాలువ గట్టు రోడ్ల స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆ 4 మి.మీ. కూడా విలువైనదే. నా ఓటు 255/35కే. కొన్ని తరాల మెర్సిడెస్ సీ-క్లాస్ కార్లకూ వెనక సైజు అదే కాబట్టి మంచి కంపెనీల టైర్లు దొరుకుతాయి. దొరకడం అనేది చిన్న విషయం కాదు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని పరిమిత జాబితాలో పెట్టింది, అమ్మే టైరుకు ఐఎస్ఐ గుర్తు ఎలాగూ తప్పనిసరి. విదేశాల్లో ట్రాక్ డేలకు వాడే 200 ట్రెడ్‌వేర్ (పట్టు ఎక్కువ, అరుగుదల కూడా త్వరగా ఉండే రకం) టైర్ల పేర్లు చూసి మనసు పడి రిమ్ములు ముందే కొనేస్తే, తర్వాత ఆ సైజులో ఇక్కడ టైరు లేక ఇబ్బంది పడవలసి వస్తుంది. ముందు టైరు దొరుకుతుందని తేల్చుకుని, ఆ తర్వాతే రిమ్ముకు డబ్బు కట్టండి. సైడ్‌వాల్ మీద తయారీ వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలు చూడడం మరవకండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం అని అర్థం.

కోరింగ_రోడ్డు (కాకినాడ)

భీమవరం మిత్రుల లెక్కలో తప్పేమీ లేదు. అయినా నేను వేరే మాట చెబుతాను. మీ ముందు టైర్ల బయటి అంచు చిట్లి, లోపలి అంచు కొత్తదానిలా ఉందంటే, అది టైరు సన్నగా ఉండడం వల్ల వచ్చిన జబ్బు కాదు, క్యాంబర్ చాలకపోవడం. మలుపులో బండి ఒరిగినప్పుడు బరువంతా బయటి అంచు మీద పడి, మిగతా ట్రెడ్ రోడ్డును సరిగా పట్టుకోవడం లేదు. క్యాంబర్ అలాగే ఉంచి 255 వేస్తే, వెడల్పాటి టైరుకు కూడా బయటి అంచే కాలుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి అదే ఫలితం కొన్నట్టవుతుంది.

దించడం వల్ల ఇది ఇంకా ముదురుతుంది. మీ బండికి ముందు ఉన్నది స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన నిలువు కాడ) సస్పెన్షన్. దాన్ని దించినప్పుడు కింది చేతులు (చక్రాన్ని కింద పట్టి ఉంచే కడ్డీలు) తమ సహజమైన కోణాన్ని కోల్పోతాయి. బండి బరువు కేంద్రం కొద్దిగా కిందికి దిగితే, రోల్ సెంటర్ (బండి ఒరిగేటప్పుడు తిరిగే కేంద్రం) దానికంటే ఎక్కువ దిగిపోతుంది. అందువల్ల బాగా దించిన బండి కొన్నిసార్లు గట్టి స్ప్రింగులతో కూడా ఎక్కువగా ఒరగాలని చూస్తుంది, ఒరిగినప్పుడు చక్రానికి అందవలసిన క్యాంబర్ అందదు. కాబట్టి నా సలహా ఏమిటంటే, ముందు 10 మి.మీ. పైకి లేపి, స్ట్రట్ తలల దగ్గర క్యాంబర్ ప్లేట్లు వేయించి, రన్‌ఫ్లాట్లు తీసేసి, కంపెనీ సైజుల్లోనే మామూలు మంచి స్పోర్ట్ టైర్లతో ఒకసారి వెళ్లి చూడండి. రన్‌ఫ్లాట్ సైడ్‌వాల్ బరువైనది, బిరుసైనది. అది మారితేనే స్టీరింగ్ చేతికి చెప్పే మాట మారుతుంది. ఆ తర్వాత కూడా ముందు భాగం చాలడం లేదనిపిస్తే అప్పుడు 255 సంగతి చూడవచ్చు.

ఒక్క హెచ్చరిక. ఈ బండిలో స్టెప్నీ లేదు. రన్‌ఫ్లాట్ తీసేసిన రోజు నుంచి పంక్చర్ కిట్టు, చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి. మనవైపు రొయ్యల చెరువుల రోడ్లలో రాత్రి పూట పంక్చర్ షాపు కోసం వెతకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

17 అంగుళాల ఆలోచన కూడా ఒకటుంది. 255/40 ఆర్17 వ్యాసం 635.8, అంటే మీ వెనక టైరుతో సరిసమానం, సైడ్‌వాల్ 102 మి.మీ. ఉంటుంది. గుంతలకు రిమ్ము వంగే భయం తగ్గుతుంది. కానీ ముందు బ్రేక్ కాలిపర్‌కు రిమ్ము తగలకుండా ఉంటుందో లేదో చూడాలి, ఆ సైజులో ట్రాక్‌కు పనికివచ్చే టైర్లు మన దగ్గర తక్కువ.

ఉండి_కాలువ (భీమవరం)

క్యాంబర్ విషయంలో కాకినాడవారితో పూర్తిగా ఏకీభవిస్తాను. అది లేకుండా 255 వేయడం వృథా. అయితే సగం బరువు మోస్తూ, బ్రేక్ వేసినప్పుడు అంతకన్నా ఎక్కువ మోస్తూ, దానికి తోడు బండిని తిప్పే పని కూడా చేసే ముందు చక్రాలకు వెనకవాటికంటే 30 మి.మీ. సన్నటి టైరు పెట్టడం సాధారణ వాహనదారుడి భద్రత కోసం కంపెనీ తీసుకున్న నిర్ణయం. అనుభవం లేనివారి చేతిలో వెనక భాగం తిరిగిపోవడం కన్నా ముందు భాగం జారడం తక్కువ ప్రమాదం. ట్రాక్‌లో కావలసింది అది కాదు. క్యాంబర్, వెడల్పు రెండూ ఒకేసారి సరిచేస్తే రిమ్ముల ఖర్చు ఒక్కసారితో పోతుందని నా ఉద్దేశం.

గట్టు_అలైన్‌మెంట్ (రాజమహేంద్రవరం)

నేను అలైన్‌మెంట్ పనిలో ఉన్నవాడిని. ఇద్దరూ చెప్పినవి ఒకదానికొకటి అడ్డు కావండి. కానీ కొలతలు తీయకుండా ఏ సైజూ ఖాయం చేయకండి. పాలకొల్లువారు ఈ నాలుగు సంగతులు చూసి రాయాలి: రిమ్ము వెనక పోత పోసి ఉన్న ఈటీ అంకె (మిల్లీమీటర్లలో ఆఫ్‌సెట్) ముందు ఎంత, వెనక ఎంత; ముందు చక్రం బిగించి ఉండగా టైరు లోపలి సైడ్‌వాల్‌కూ స్ట్రట్‌కూ మధ్య అతి ఇరుకైన చోట ఎన్ని మిల్లీమీటర్లు; వెనక మడ్‌గార్డ్ లోపలి మడత నుంచి టైరు ఎంత లోపలికి ఉంది. స్ట్రట్ దగ్గర స్కేలు పట్టదు. డ్రిల్ బిట్లు ఒక్కొక్కటిగా దూర్చి చూడండి, దూరే అతి పెద్ద బిట్టే మీ కొలత.

తర్వాత అసలు పరీక్ష. బండిని స్టాండ్ల మీద నిలిపి, ముందు కాయిలోవర్ నుంచి స్ప్రింగు తీసేసి, బంప్ స్టాప్‌తో (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే దిమ్మతో) సహా డ్యాంపర్‌ను తిరిగి బిగించి, చక్రం పెట్టి, జాకీతో హబ్‌ను బంప్ స్టాప్ నొక్కుకునే దాకా పైకి ఎత్తాలి. అక్కడ ఉంచి స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పాలి. లైనర్ లోపల తడి సుద్ద పూస్తే ఎక్కడ తగిలిందో టైరే చూపిస్తుంది. కింద నిలబడి ఉన్న బండిని చూసి చాలా ఖాళీ ఉందనుకోవడం వేరు, బంప్ స్టాప్ దాకా లేచిన చక్రాన్ని చూడడం వేరు. అక్కడ తగులుతుంటే, బంప్ స్టాప్ కింద ప్యాకర్ వేసి చక్రం పైకి లేచే దూరాన్ని తగ్గించాలి, లేదా బండిని లేపాలి.

క్యాంబర్ గురించి ఒక విషయం. స్ట్రట్ పైతల దగ్గర ప్లేటుతో క్యాంబర్ పెంచితే స్ట్రట్టూ చక్రమూ కలిసే ఒరుగుతాయి. కాబట్టి మడ్‌గార్డ్ దగ్గర చోటు పెరుగుతుంది, స్ట్రట్‌కూ టైరుకూ మధ్య దూరం మారదు. ఆ దూరాన్ని మార్చేవి రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్, టైరు వెడల్పు మాత్రమే. చాలామంది ఇక్కడే పొరబడి, క్యాంబర్ ఇస్తే లోపల కూడా ఖాళీ వస్తుందని రిమ్ములు ఆర్డర్ చేసేస్తున్నారు.

వశిష్ఠ_తీరం (పాలకొల్లు)

చాలా ధన్యవాదాలండి. చెప్పినట్టే కొలిచాను. ముందు రిమ్ము ఈటీ 29, వెనక రిమ్ము ఈటీ 40. ముందు టైరుకూ స్ట్రట్‌కూ మధ్య ఎడమవైపు 19 మి.మీ. బిట్టు దూరింది, కుడివైపు అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది. వెనక టైరు, మడ్‌గార్డ్ మడత నుంచి 14 మి.మీ. లోపలికి ఉంది. స్ప్రింగు తీసి చేసే పరీక్ష మా ఊళ్లో కుదరలేదు. క్యాంబర్ ప్లేట్లు వేయించడానికి, 10 మి.మీ. లేపడానికి సిద్ధంగానే ఉన్నాను. ఈ కొలతలకు 255 పడుతుందా, 265 పడుతుందా?

టైర్లు తీసుకువెళ్లే విషయం కూడా తేల్చుకున్నాను. ఈ బండి డిక్కీ, పైకప్పు మూసి ఉన్నప్పుడు కూడా 310 లీటర్లే, నాలుగు చక్రాలు పట్టే మాట లేదు. ఇద్దరు మిత్రులు ఇన్నోవాలో వెంట వస్తున్నారు, ట్రాక్ చక్రాలు వారి వెనక సీట్లు మడిచి వేస్తాము. నేను మామూలు టైర్ల మీదే చెన్నై దాకా నడుపుతాను.

గట్టు_అలైన్‌మెంట్ (రాజమహేంద్రవరం)

మంచి నిర్ణయమండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వైపు వానలు, మనవైపు తుపాన్లు. ఆ రోజుల్లో గాడులు తక్కువున్న వెడల్పాటి టైర్లతో హైవే మీద నిలిచిన నీటిలోకి వెళ్లడం చాలా ప్రమాదం. జనవరి కాబట్టి కొంత నయం, అయినా విడిగా మోసుకెళ్లడమే సరైన పని.

ఇక లెక్క. 8 అంగుళాల రిమ్ము మీద 225 టైరు ఉబ్బుతో సహా 230 మి.మీ. ఉంటుంది. అందులో సగం 115, దానికి ఈటీ 29 కలిపితే హబ్ నుంచి లోపలికి 144. 9 అంగుళాల రిమ్ము మీద 255 టైరు 260 ఉంటుంది. సగం 130, ఈటీ 25 అనుకుంటే 155. అంటే ఇప్పటికంటే 11 మి.మీ. లోపలికి వస్తుంది, మీ 19లో 8 మిగులుతుంది. అది చాలు. 265కు కనీసం 9 అంగుళాల రిమ్ము కావాలి, అది సరిగా కూర్చునేది 9.5 మీద. అప్పుడు టైరు 271 దాకా ఉంటుంది. అదే ఈటీ 25తో స్ట్రట్ దగ్గర మిగిలేది రెండున్నర మిల్లీమీటర్లు. మలుపులో రిమ్ము, బేరింగు, బుష్షు అన్నీ కొద్దికొద్దిగా వంగుతాయి కాబట్టి దాన్ని నేను ఒప్పుకోను. ఈటీ తగ్గించి బయటికి జరిపితే ఇప్పటికంటే దాదాపు 30 మి.మీ. బయటికి వచ్చి మడ్‌గార్డ్‌ను కోసే పని పడుతుంది. పైగా 265/35 వ్యాసం 642.7, మీ లైనర్ దానికీ ఒప్పుకోదు. కాబట్టి 255/35.

రిమ్ములు మాత్రం నాలుగూ ఈటీ 25 తీసుకోకండి. వెనక ఇప్పుడు 8.5 రిమ్ము, ఈటీ 40 మీద ఉన్న 255 టైరు, 9 అంగుళాల ఈటీ 25 మీదకు వెళితే సుమారు 17 మి.మీ. బయటికి వస్తుంది, మీకు అక్కడున్నది 14. నాలుగూ 9 అంగుళాలు, ఈటీ 35 తీసుకుని, ముందు మాత్రం 10 మి.మీ. స్పేసర్ వేయండి. ముందు లెక్క ఈటీ 25 అవుతుంది, వెనక 7.5 మి.మీ. మాత్రమే బయటికి వస్తుంది, నాలుగు చక్రాల్లో దేన్నైనా ఎక్కడికైనా మార్చుకోవచ్చు. స్పేసర్ హబ్ గుండ్రానికి సరిగ్గా కూర్చునే రకమే కావాలి. ముందు వీల్ బోల్టులు కూడా ఇప్పుడున్నవాటికంటే సరిగ్గా 10 మి.మీ. ఎక్కువ పొడవున్నవి వేయాలి. పొట్టి బోల్టు రెండు మూడు చుట్లతో పట్టుకుని ఉండడం ప్రాణాంతకం. టైరు లోడ్ అంకె 94 ఉన్నది తీసుకుంటే ఒక్కొక్కటి 670 కిలోలు మోస్తుంది, ఈ బండికి చాలినంత.

క్యాంబర్ ముందు రెండున్నర డిగ్రీల దగ్గర పెడదాము, వెనక రెండు డిగ్రీల లోపు చాలు. స్ప్రింగు తీసే పరీక్ష మా దగ్గర చేసుకోవచ్చు.

కోరింగ_రోడ్డు (కాకినాడ)

ఈ కొలతలు చూశాక నాకూ 255 సమ్మతమేనండి. గాలి సంగతి ఒక్కటి చేరుస్తాను. ఉదయం చల్లని టైరులో 28 పీఎస్ఐతో మొదలుపెట్టి, నాలుగైదు ల్యాప్‌ల తర్వాత పిట్‌లోకి వచ్చిన వెంటనే కొలవండి. టైరు ఐదారు డిగ్రీలు వేడెక్కిన ప్రతిసారీ సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి వేడి మీద 33, 34 దాటుతుంటే అప్పుడే దించండి. సాయంత్రం ఇంటికి బయలుదేరే టైర్లలో మాత్రం మళ్లీ మామూలు గాలి నింపుకోవాలి. మొదటి సెషన్ అయ్యాక నాలుగు చక్రాల బోల్టులు టార్క్ రెంచితో మరోసారి బిగించి, ఆ లైనర్ మీద గీత పెరిగిందేమో వేలితో తడిమి చూడండి.

గట్టు_అలైన్‌మెంట్ (రాజమహేంద్రవరం)

ఒక్క మాట మరిచాను. రిమ్ములు వచ్చాక టైర్లు ఎక్కించకముందే, వట్టి రిమ్మును స్పేసర్‌తో సహా ముందు హబ్‌కు బిగించి, చేత్తో తిప్పి కాలిపర్‌కు ఎక్కడా తగలడం లేదని చూడండి. ఒకసారి టైరు ఎక్కిన రిమ్మును ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు.